వెనిస్‌లో వదిలేసిన మామిడిపండు

మా తోటికోడలు వెనిస్‌లో ఉన్నది రెండే రెండు రోజులు. శనివారం పొద్దున్న వెళ్ళింది, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చింది. ఆ రెండు రోజుల ముచ్చట నేను ఏడాదికి పైగా విన్నాను. రంగూనులో పజుండౌంగ్ పేటలో మా మూడో అంతస్తు ఇంట్లో, వీధి తలుపు మూసుకుని, వంటింట్లో నిలబడి, తప్పించుకునే దారి లేక విన్నాను. ఆ ఊళ్ళో రైలు దిగి ఎటు తిరగాలో, ఏ వంతెన దాటితే ఏ సందులో తేలతామో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నేను మాత్రం రంగూను పొలిమేర దాటి ఎరగను.

కుళ్ళు అంటారా? అనండి, కుళ్ళే. కానీ ఎందుకో విని అప్పుడు అనండి.

ఊరవతల ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను కోట్లు కుట్టేదాన్ని. మా వీధి చివర పొద్దున్నే కంపెనీ బస్సు ఆగేది, ఇక్కడ దాన్ని ఫెర్రీ అంటారు. కోటుకి చెయ్యి అతికితే భుజం దగ్గర ఒక్క ముడత కూడా రాకూడదు. నేను అతికితే వచ్చేది కాదు. మా మరిదికి పెళ్ళయ్యాక, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న ఆ పిల్లని తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో పెట్టించింది నేను. సూదిలోకి దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పింది నేను. అంతలో అత్తమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంటిపట్టున ఒకరుండాలి. పెద్దకోడలిని కాబట్టి నేను పని మానేశాను. మానెయ్యమని నన్నెవరూ అడగలేదు, మానొద్దని కూడా ఎవరూ అనలేదు.

తర్వాత ఏమైంది? ఆ ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కొత్తరకం కోట్ల పని వచ్చింది. ఆ కుట్టు నేర్చుకు రావడానికి ఇద్దర్ని పంపిస్తామన్నారు. అందులో ఒకతె మా చిన్నది. ఇంట్లో నేను పెద్దదాన్ని, అది చిన్నది, అలాగే పిలుచుకుంటాం.

వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చి, “అప్పా, నువ్వుండుంటే నిన్నే పంపేవోరు,” అంది. మా వైపు అప్ప అంటే అక్క. మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది.

వాళ్ళు పని నేర్చుకున్న ఊరు వెనిస్‌కి దగ్గరట. శని, ఆదివారాలు సెలవిస్తే ఇద్దరూ కలిసి రైలెక్కి అక్కడికి పోయారు. తిరిగొచ్చాక నాకొక ముఖం ఇచ్చింది. కాగితంతో చేసి బంగారు రంగు వేసిన ఆడముఖం, కళ్ళ దగ్గర రెండు చిల్లులు. అక్కడ పండగ రోజుల్లో పెట్టుకుని తిరుగుతారట. నేను పెట్టుకుని ఎక్కడ తిరగాలి, కూరల బజార్లోనా? వంటింటి గోడకి మేకు కొట్టి తగిలించాను. ఫోటోలు చూపిస్తానని అందర్నీ పిలిచింది. అందరూ ఫోను చుట్టూ మూగారు. నాకు సరిగ్గా అప్పుడే అప్పడాలు వేయించాల్సిన పని గుర్తొచ్చింది.

“టేసన్ బైటకొచ్చి సూత్తే రోడ్డు నేదప్పా, నీల్లే! బస్సులు నేవు, పడవలే!”

“జూలైలో మన వీధి కూడా అంతే,” అని వంటింట్లోంచి అరిచాను. “పడవ ఒక్కటే తక్కువ.”

అందరూ నవ్వారు. అది కూడా నవ్వింది. అదే నాకు ఒళ్ళు మండే సంగతి. దాన్ని ఏమన్నా దానికి తగలదు.

మా అత్తమ్మకి జీవితంలో ఒకటే కోరిక, కాశీ. ఆవిడ తాత రేవులో మూటలు మొయ్యడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. తర్వాత ఈ దేశం తలుపులు బిగించేసుకుంది. ఆవిడ వయసంతా ఆ మూసిన తలుపుల వెనకే గడిచింది. తుంటి అతుక్కుని, కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక కొడుకులిద్దరూ కలిసి ఆవిడకి పాస్‌పోర్టు చేయించారు. శివరాత్రి వెళ్ళాక గయ దాకా విమానం, అక్కణ్ణించి రైలు. తోడు నేను. నా పాస్‌పోర్టు కూడా తయారైంది. చిన్నదానికి ఇటలీ అయితే నాకు కాశీ. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

అప్పుడే లోకాన్నంతా ఇళ్ళలో కూర్చోబెట్టిన ఆ జబ్బు వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. అత్తమ్మ పెట్టెలోంచి కొత్త చీర తీసి మళ్ళీ బీరువాలో పెట్టించింది. కొన్నాళ్ళకి అన్నం తగ్గించింది, ఆ తర్వాత దాదాపు మానేసింది. జావ పోస్తే రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది. శుక్లాల ఆపరేషన్ కూడా ఆగిపోవడంతో కళ్ళు సరిగ్గా కనిపించేవి కావు. గోడకి తిరిగి పడుకుని ఉండేది.

ఒక మధ్యాహ్నం చిన్నది మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ ధ్యాస కాస్త మళ్ళుతుందని ఫోను తీసింది. “ఇటు సూడత్తా, నానెల్లిన ఊరు,” అంది. అత్తమ్మ ఫోనుని ముక్కు దగ్గరికి లాక్కుంది. నేను గుమ్మంలోంచి తొంగిచూశాను. పాచిపట్టిన రాతిమెట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. నీళ్ళలో పడవలు. వెనక ఒకదాన్నొకటి ఆనుకుని పాత మేడలు, వాటి మధ్య గుండ్రటి గోపురం. మెట్ల మీద పావురాలు.

“మెట్లు… పడవలు… గంగమ్మ…” అంటూ అత్తమ్మ లేచి కూర్చుంది. “ఓలమ్మో, కాసీయే! ఆపీసు పనని సెప్పి కాసీ ఎల్లొచ్చీసేవేటే గుంటా!”

చిన్నది నోరు తెరిచింది. వెనక నిలబడ్డ మా ఆయన వద్దని చెయ్యి ఊపాడు. అది నోరు మూసుకుంది. ఆ పూట అత్తమ్మ అన్నం అడిగి పెట్టించుకుంది. ఇంకెవరు చెప్తారు నిజం?

నేను చెప్పేదాన్నే. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకంటే అక్కడితో ఆగలేదు కదా. కాశీ నుంచి వచ్చినవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడితే వాళ్ళ పుణ్యంలో కొంత మనకీ వస్తుందని మావాళ్ళ నమ్మకం. అత్తమ్మ దాన్ని మంచం మీద ఎత్తుగా కూర్చోబెట్టింది. దాని పాదం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతులకి ఆ పొద్దున్నే నూనె రాసింది ఎవరు? తుంటి విరిగిన నాటినుంచి ఆవిణ్ణి ఎత్తి దించుతున్నది ఎవరు? నా కాళ్ళు ఆవిడ కంట ఒక్కరోజూ పడలేదు. పోనీ అది వెళ్ళింది కాశీ అయినా కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

తర్వాత వంటింటి గోడ మీద ముఖం సంగతి బయటికొచ్చింది. చిన్నది తెచ్చిందని ఎవరో చెప్పారు. అత్తమ్మ దాన్ని తెప్పించుకుని, వేళ్ళతో ముక్కూ పెదాలూ తడిమి, “అన్నపూర్నమ్మ!” అంది. వ్రతాలప్పుడు కలశానికి కట్టే అమ్మవారి ముఖం అనుకుంది. బొట్టు పెట్టి పూజగూట్లో పెట్టించింది.

“అది నాకు తెచ్చింది అత్తమ్మా,” అన్నాను ఉండబట్టలేక.

“అమ్మోరికి నీదేటి, నాదేటే!” అని కసిరింది.

ఆ సాయంత్రమే అడిగింది, “కాసీలో ఏటొదిలీసేవే?” అని. కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి, ఇంక బతికున్నన్నాళ్ళూ దాన్ని ముట్టకూడదు. చిన్నది కిటికీ వైపు చూసింది. కింద వీధిలో తోపుడుబండివాడు మామిడిపళ్ళంటూ అరుస్తున్నాడు. అదే దాని నోట్లోకి వచ్చేసింది.

“మామిడిపండొదిలీసేనత్తా.”

నేను లోపల పగలబడి నవ్వుకున్నాను. దానికి మామిడిపండంటే ప్రాణం. ఇక్కడ సెయిన్‌తలోన్ అని ఒక రకం ఉంది, తియ్యగా, పీచు లేకుండా. దాన్ని టెంక తెల్లబడేదాకా చీకి, మోచేతులదాకా కారిన రసాన్ని కూడా వదలదు. ఎన్నాళ్ళు ఆగుతుందో చూద్దాం అనుకున్నాను.

ఫ్యాక్టరీ మూసేశారు. వీధికి రెండు వైపులా వెదుళ్ళు అడ్డం కట్టారు. ఎవరి ఇంట్లో వాళ్ళు బందీలం. సాయంత్రమైతే చాలు, “కాసీ సెప్పే,” అనేది అత్తమ్మ. చిన్నది మొదలుపెట్టేది. రోజూ అదే రైలు, అదే నీళ్ళు, అదే సందులు. కూర కలుపుతూ నేను వినేదాన్ని. ఎక్కడైనా తప్పితే ఊరుకునేదాన్ని కాదు.

“నిన్న రొట్టెల కొట్టు వంతెనకి ఎడమ పక్కన అన్నావు, ఇవాళ కుడి పక్కకి ఎలా వచ్చిందే?”

“ఎడమే అప్పా, ఎడమే,” అని దిద్దుకునేది.

ఆ ఏడు నేను కొన్నన్ని మామిడిపళ్ళు జన్మలో కొనలేదు. బజారు తెరిస్తే చాలు, సంచీ నిండా తెచ్చేదాన్ని. దాని ఎదురుగానే కోసేదాన్ని. ఇల్లంతా వాసన. అది పళ్ళెం అందరికీ అందించి, తనకి అరటిపండు తీసుకునేది. దొంగచాటుగా తింటుందేమోనని చెత్తబుట్టలో టెంకలు కూడా చూశాను. చివరికి నేనే ఆగలేక వంటింట్లో అడిగేశాను.

“తిని చావవే. ఆవిడకి కళ్ళే కనబడవు. అయినా నువ్వెళ్ళింది కాశీయేనా ఏమన్నా?”

“కాదు గానీ అప్పా, ఆవిడికి సెప్పీసేను గదా,” అంది. కోస్తున్న పండు వైపు ఒకసారి చూసింది. లేచి అవతలికి పోయింది. ఆ రోజు నాకు ఆ పండు రుచించలేదు, అయినా మొత్తం తిన్నాను.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. అత్తమ్మ నెమ్మదిగా కోలుకుంది. కొత్త సంవత్సరం వచ్చి కాస్త ఊపిరి తీసుకుంటున్నాం అనుకుంటుండగా, ఒక పొద్దున్న లేచేసరికి ఫోన్లు మూగబోయి ఉన్నాయి. దేశం సైన్యం చేతిలోకి పోయిందన్నారు. నాలుగు రోజులకి జనం రోడ్ల మీదికొచ్చారు. ఫ్యాక్టరీ ఆడపిల్లలే ముందు నడిచారు. చిన్నది తన కుట్టు లైన్లోని పిల్లలందర్నీ వెంటేసుకుని ఊరి నడిబొడ్డున ఉన్న సూలే గోపురం దాకా నడిచొచ్చింది. గొంతు బొంగురుపోయి, మొహం ఎండకి కమిలిపోయి వచ్చింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇటలీకీ అదే, ఊరేగింపుకీ అదే. నేను మాత్రం అత్తమ్మ మంచం పక్కన.

రాత్రి ఎనిమిదింటికి ఊరు ఊరంతా గిన్నెలు మోగించేది. దయ్యాన్ని ఇంట్లోంచి తరమడానికి ఇక్కడివాళ్ళు అలా వాయిస్తారు. నేనూ వరండాలో నిలబడి అన్నం గిన్నె మీద గరిటెతో బాదేదాన్ని. “గంగమ్మకి హారతి ఏలయినట్టుంది,” అని లోపల అత్తమ్మ మంచం మీదే చేతులు జోడించేది. నా గిన్నె సొట్టలు పడిపోయింది. ఆ సొట్టల్లో సగం సైన్యానివి, సగం చిన్నదానివి.

తర్వాత తుపాకులు పేలాయి. ఊరేగింపులు పలచబడ్డాయి. ఫ్యాక్టరీకి ఎవరో వచ్చి ఫోటో చూపించి చిన్నదాని గురించి అడిగి వెళ్ళారని ఒక పిల్ల వచ్చి చెప్పింది. మర్నాడు తెల్లవారుతుండగానే మా మరిదీ అదీ చెరొక సంచీతో బయల్దేరారు. బస్సులు మారుతూ థాయిలాండ్ సరిహద్దు వైపు పోతారట. దారిలో తినడానికి పులిహోర కట్టి ఇచ్చాను. అత్తమ్మ నిద్రపోతోంది. లేపొద్దంది.

గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, “అప్పా, కాసీ నువ్వే సెప్పు ఆవిడికి. నాకన్నా నీకే బాగా తెలుసు,” అంది.

“నాకేం పనిలేదనుకున్నావా?” అన్నాను. ఏడుపు ఆపుకోడానికి నాకు తెలిసిన దారి కసరడం ఒక్కటే. అది మెట్లు దిగిపోయింది.

“సిన్నదేదే?” అంది అత్తమ్మ లేవగానే.

“పని మీద వెళ్ళింది.”

“మల్లీ కాసీయేనేటి?”

“ఆ, కాశీయే,” అన్నాను. రెండోసారి పుణ్యం కూడా దాని ఖాతాలోనే పడింది.

ఇంటర్నెట్ తీసేశారు. వాళ్ళు ఎక్కడిదాకా చేరారో, అసలు చేరారో లేదో తెలీదు. రెండు రోజులు అత్తమ్మ ఏమీ అడగలేదు. మూడో రోజు సాయంత్రం మా ఆయన సెయిన్‌తలోన్ పళ్ళు తెచ్చాడు. అప్పుడే కాలం మొదలైంది. మంచం పక్కన పీట వేసుకుని కోస్తున్నాను. “నువ్వైనా కాసీ సెప్పే పెద్దదానా,” అంది.

“నాకేం తెలుసు అత్తమ్మా,” అన్నాను. అన్నానే గానీ నోరు ఊరుకోలేదు. “చిన్నది చెప్పిందేమిటంటే, రైలు నీళ్ళ మీద పోతుందట. అటూ ఇటూ కిటికీలోంచి చూస్తే నేలనేదే కనబడదట. స్టేషను బయట మెట్లు. మెట్ల కింద నీళ్ళు. పడవ వస్తుంది, ఒకడు తాడు విసిరి గుంజకి కట్టేస్తాడు, ఎక్కమని చెయ్యి అందిస్తాడు…”

ఆ తాడు ఎన్ని చుట్లు తిప్పుతాడో కూడా చెప్పాను. ‘అట’ అనే మాట ఎక్కడ జారిపోయిందో నాకు తెలీదు. పడవ దిగి సందుల్లో పడ్డాను. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఈ మేడకీ ఆ మేడకీ మధ్య తాళ్ళు కట్టి బట్టలు ఆరేశారు, దుప్పట్లు తల మీద నీళ్ళు కారుస్తున్నాయి. పై అంతస్తు కిటికీలోంచి ఒక ముసలావిడ తాడుతో బుట్ట దించింది, కిందవాడు రొట్టె పెట్టాడు, లాక్కుంది. మన వీధిలో మనం తాడు దించినట్టే. అదే వంతెన దగ్గరికి మూడుసార్లు తిరిగొచ్చాను, దారి తప్పాను, నవ్వొచ్చింది. కొట్లో నిలబడే కాఫీ తాగాను, చేదు, చిక్కన. రాత్రి సత్రంలో పడుకుంటే కిటికీ కింద నీళ్ళు గోడకి తగులుతున్న చప్పుడు. పొద్దున్న లేచేసరికి మంచు. నీళ్ళు పొంగి గుడి ముందు మైదానమంతా నిండిపోయింది. బల్లలు వేసి జనాన్ని వాటి మీద నడిపించారు. గుడి గోపురం నీళ్ళలో తలకిందులుగా ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కసారి నీళ్ళలోకి దిగాను. చల్లగా ఉన్నాయి.

చిన్నది నీళ్ళలోకి దిగలేదు. దిగింది నేను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఏడాదిగా నన్ను తిన్న ఊరు ఆ సాయంత్రం నాదైంది.

చెప్పడం ఆపేసరికి అత్తమ్మ నా వైపు చూస్తోంది, చూపు నా భుజం దగ్గరెక్కడో ఆగింది.

“నువ్వూ ఎల్లేవేటే?” అంది.

నా పాస్‌పోర్టు ఆవిడ పాస్‌పోర్టు పక్కనే బీరువాలో ఉంది. “వెళ్ళాను అత్తమ్మా,” అన్నాను.

“ఏటొదిలీసేవు మరి?”

నా చేతిలో సగం కోసిన పండుంది. మణికట్టు దాకా రసం కారుతోంది. కాకరకాయ అనొచ్చు, గుమ్మడికాయ అనొచ్చు, అవి నాకు గిట్టవు. కానీ అది మామిడిపండు వదిలిందే! అది వదిలినదానికన్నా తక్కువది నేనెందుకు వదలాలి?

“మామిడిపండు,” అన్నాను.

అత్తమ్మ నన్ను మంచం మీద కూర్చోమంది. కాలు పైకి పెట్టమంది. మడమలు పగిలిన నా పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వంగలేక వంగి, కళ్ళకద్దుకుంది. ఏడాదిగా నేను ఏడ్చి చచ్చింది దీనికోసమే. అప్పుడు నాకు కావలసినదల్లా చిన్నది గుమ్మంలో నిలబడి అది చూడటం. గుమ్మంలో ఎవరూ లేరు. లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆ వానాకాలం జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. జనం ఆక్సిజన్ సిలిండర్లు భుజాన వేసుకుని వానలో వరసలు కట్టారు. మా ఆయన కూడా ఆ వరసలో నిలబడ్డాడు. ఆయన తిరిగొచ్చేలోపే అత్తమ్మ పోయింది. చివరిరోజు దాకా నేను రోజూ ఆవిడకి కాశీ చెప్పాను.

చిన్నది చాలా నెలలకి గానీ ఫోను చెయ్యలేదు. సరిహద్దు అవతల ఎవరిదో ఫోను, గొంతు దూరంగా, ఆగాగి వినిపించింది. బతికే ఉన్నారు, ఇద్దరూ ఏదో కుట్టుపనిలో ఉన్నారు. అత్తమ్మ సంగతి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. లైను ఎప్పుడు పోతుందో తెలీదు. చెప్పాల్సినవి బోలెడున్నాయి. నేను మాత్రం ఇది చెప్పాను.

“నేనూ కాశీ వెళ్ళొచ్చానే. అత్తమ్మ నా కాళ్ళకి కూడా దణ్ణం పెట్టింది.”

అటు వైపు ముక్కు చీదిన చప్పుడు. “నిజమేనా? ఏటొదిలీసేవప్పా?”

“మామిడిపండు.”

లైను పోయిందనుకున్నాను.

“అది నాది గదప్పా!” అంది చురుగ్గా. “ఊళ్ళో ఇంకో పండే దొరకనేదా నీకు?”

నాకు తెలిసినన్నేళ్ళలో ఆ గొంతులో కుళ్ళు వినడం అదే మొదటిసారి. ప్రాణం లేచొచ్చింది.

“కావాలంటే నువ్వే వచ్చి పట్టుకెళ్ళు,” అన్నాను.